945 చెట్లలో ఒకటి

మాటల వంశచరిత్ర: 8వ భాగం

గత భాగాన్ని 1816 నాటి మద్రాసులో ఆపాం. ఆ ఏడాది సెయింట్ జార్జి కోట కాలేజీ అచ్చువేసిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక గమనిక రాసి చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుదురు నుంచి వచ్చిందని ధాతువుల పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ రుజువు వెనక కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల జాబితా, మచిలీపట్నం మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ ఉన్న సంగతీ చెప్పుకున్నాం. నలభై ఏళ్ల తర్వాత, 1856లో, రాబర్ట్ కాల్డ్వెల్ ఈ కుటుంబానికి ద్రావిడ భాషలని పేరుపెట్టి తులనాత్మక వ్యాకరణం రాశాడు.

ఒకే కుటుంబమని తేలాక రెండో ప్రశ్న వస్తుంది. ఆ కుటుంబంలో ఎవరికి ఎవరు ఎంత దగ్గర? ముందు వేరుపడింది ఎవరు? తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగూ లిపి, కావ్యం, రాజ్యం ఉన్న భాషలు. అందుకని ఆ నాలుగింటినే అక్కచెల్లెళ్లుగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. కానీ తెలుగుకు అందరికన్నా దగ్గరి తోబుట్టువులు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లోనూ గోదావరి ఎగువ అడవుల్లోనూ ఉన్నాయని 20వ శతాబ్దంలో తేలింది. ఆ నిర్ణయానికి పండితులు ఎలా వచ్చారు, దాన్ని అంకెలతో ఎలా పరీక్షించారు, జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న పనిముట్లు దానికి ఏం జోడించాయి అన్నది ఈ భాగం కథ.

చెట్టు గీసిన పండితుడు

భాషల చరిత్రను చెట్టుగా గీయడం డార్విన్‌ను చూసి నేర్చుకున్నదని చాలామంది అనుకుంటారు. కాలక్రమం అలా లేదు. ఆగస్ట్ ష్లైషర్ అనే జర్మన్ పండితుడు 1853లోనే ఇండో-యూరోపియన్ భాషలను కొమ్మలు చాచిన చెట్టుగా చూపించాడు. డార్విన్ ‘జాతుల ఉత్పత్తి’ వెలువడింది 1859లో. ఆ గ్రంథం మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్క బొమ్మ, అదీ కొమ్మలుగా చీలుతూ పోయే రేఖాచిత్రమే. మానవజాతుల వంశావళి పూర్తిగా తెలిస్తే ప్రపంచ భాషలను వర్గీకరించడానికి అంతకుమించిన ఆధారం ఉండదని డార్విన్ అందులోనే రాశాడు. ష్లైషర్ తోటపని అంటే ప్రాణం పెట్టే మనిషి. యేనాలో తన సహచరుడైన జంతుశాస్త్రవేత్త ఎర్న్స్ట్ హెకెల్ చెప్పగా డార్విన్‌ను చదివి, జీవజాతులకు చెప్పిన సూత్రాలు భాషలకూ వర్తిస్తాయంటూ 1863లో హెకెల్‌కు బహిరంగ లేఖ అచ్చువేశాడు.

చెట్టు అనే ఊహలో ఒక బలమైన వాదన ఉంది. ఒక భాష మాట్లాడే జనం రెండుగా విడిపోతారు. రాకపోకలు తగ్గుతాయి. అక్కడి మాటలో ఒక మార్పు, ఇక్కడి మాటలో మరో మార్పు వస్తాయి. కొన్ని వందల ఏళ్లకు ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ప్రతి చీలికా ఒక కణుపు, ప్రతి కణుపూ ఒకప్పుడు మనుషులు నిజంగా మాట్లాడిన భాష.

ష్లైషర్ శిష్యుడే అయిన యొహానెస్ ష్మిత్ 1872లో దీనికి అభ్యంతరం చెప్పాడు. ఇరుగుపొరుగు భాషలు విడిపోయాక కూడా ఒకదాన్నుంచి ఒకటి తీసుకుంటూనే ఉంటాయి, మార్పులు నీటి అలల్లా హద్దులు దాటి పాకుతాయి అన్నాడు. అదే తరంగ సిద్ధాంతం. ఈ అభ్యంతరం ఈనాటికీ సజీవంగా ఉంది. చెట్టును నమ్మి పనిచేసే ఎవరైనా దానికి జవాబు చెప్పి తీరాలి.

ఉమ్మడి తప్పు చెప్పే సాక్ష్యం

రెండు భాషల మధ్య పోలికలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి దగ్గరితనం తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. తేల్చకూడదు. ఎందుకో తాటాకు ప్రతుల సంగతి చూస్తే తెలుస్తుంది. సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాలకు ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి పండితులచేత సరిచూయించేవాడు. ఒక పద్యం రెండు ప్రతుల్లో సరిగ్గా ఉందంటే వాటి సంబంధం గురించి ఏమీ తెలియదు, రెండూ మూలాన్ని నిలుపుకున్నాయంతే. కానీ రెండు ప్రతుల్లోనూ ఒకేచోట ఒకే పాదం జారిపోయి ఉంటే, ఆ రెండూ అప్పటికే పాదం జారిన ఒకే ప్రతిని చూసి రాసినవని చెప్పవచ్చు. బంధుత్వానికి సాక్ష్యం ఉమ్మడిగా మిగిలిన ఒప్పులో ఉండదు, ఉమ్మడిగా దొర్లిన తప్పులో ఉంటుంది.

భాషలకూ ఇదే న్యాయం. రెండు భాషలు పాత లక్షణాన్ని నిలుపుకుంటే అది దగ్గరితనానికి ఆధారం కాదు. రెండూ కలిసి కొత్త మార్పు చేసుకుని ఉంటేనే, ఆ మార్పు జరిగిననాడు అవి ఒకే భాషగా ఉన్నాయని అర్థం. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో జర్మన్ భాషాశాస్త్రవేత్తలు ఈ సూత్రాన్ని స్థిరపరిచారు.

మన భాషల్లోనే ఉదాహరణ ఉంది. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటాం. క్రియ చివర స్త్రీకీ ఆవుకూ తేడా లేదు. తమిళ కన్నడాలలో ఏకవచనంలో స్త్రీకి వేరే సర్వనామం, వేరే క్రియా ప్రత్యయం ఉన్నాయి. తమిళంలో అవళ్, కన్నడంలో అవళు. గోండి, కుయి భాషలు ఈ విషయంలో తెలుగులాగే స్త్రీని అమహద్వాచకాలతో కలిపేస్తాయి. ఇది చూసి తెలుగు, గోండి దగ్గరివని చెప్పేయడం తొందరపాటు. భద్రిరాజు కృష్ణమూర్తి పునర్నిర్మాణం ప్రకారం స్త్రీని వేరు చేయకపోవడమే మూలద్రావిడ లక్షణం, అవళ్ తర్వాత వచ్చిన కల్పన. కాబట్టి ఈ ఒక్క విషయం తమిళం, మలయాళం, కన్నడం ఒకే ఉపశాఖ అని చెప్పడానికి పనికొస్తుంది. తెలుగు ఆ ఉపశాఖలో లేదని కూడా సూచిస్తుంది. తెలుగు ఎవరితో ఉందో చెప్పడానికి మాత్రం వేరే సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం తెలుగు మాటల మొదట్లో దొరికింది. తమిళ ఉరల్ తెలుగులో రోలు. తమిళ ఇళ తెలుగులో లేత. తమిళ ఉళ్ తెలుగులో లో. తమిళ మరం మన పాత తెలుగులో మ్రాను, తర్వాత మాను. మాట నడుమ ఉండవలసిన రకార లకారాలు ముందుకు జరిగాయి. ద్రావిడ భాషల్లో సాధారణంగా ర, ల, డ వంటి హల్లులతో మాట మొదలుకాదు. ఆ కట్టుబాటును మీరిన ఈ మార్పును మనం వర్ణవ్యత్యయం అంటాం. తమిళ కన్నడాలలో ఇది ఒక క్రమమైన మార్పుగా జరగలేదు. గోండి, కోండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లో జరిగింది. ఇదీ ఉమ్మడిగా చేసుకున్న కొత్త మార్పు.

కొండల భాషలు విన్న ఆచార్యుడు

భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. ఆ పరిశోధన 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ పేరుతో పుస్తకమైంది. అందులో ఆయన తెలుగు ధాతువులను మిగతా ద్రావిడ భాషల జ్ఞాతిపదాలతో, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటలతో పోల్చి, తెలుగు చరిత్ర గోండి, కోండ, కుయి, కువి భాషల చరిత్రతో ముడిపడి ఉందని చూపించారు. అదే ఏడాది బరో, ఎమెనో సంకలనం చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడింది. కృష్ణమూర్తి అరకు కొండల కోండ భాషను అక్కడి వారి నోట విని, 1969లో దాని వ్యాకరణాన్ని గ్రంథంగా తెచ్చారు. ఆయన పరిణత వర్గీకరణలో ద్రావిడ కుటుంబానికి నాలుగు శాఖలు. తమిళం, మలయాళం, కన్నడం, తుళు వంటివి దక్షిణ శాఖ. తెలుగు, గోండి, కోండ, కుయి, కువి, పెంగో, మండ దక్షిణ-మధ్య శాఖ. కొలామి, పర్జి, గదబ వంటివి మధ్య శాఖ. కుడుఖ్, మాల్తో, బ్రాహుయి ఉత్తర శాఖ.

ఇక్కడితో ఆగి ఉంటే అది గొప్ప తులనాత్మక పరిశోధన అయ్యేది. ఆయన ఇంకో అడుగు వేశారు. వర్ణవ్యత్యయం ఒక్క దెబ్బతో అన్ని మాటల్నీ మార్చలేదని గమనించారు. చెట్టు అనే మాటే తీసుకుందాం. తెలుగులో మ్రాను, కుయిలో మ్రహ్ను అని మారింది. కోండలో మరన్, పెంగోలో మర్ అని మారకుండా నిలిచింది. ఒక భాషలో ఒక మాట మారితే పక్క భాషలో అదే మాట మారలేదు, అక్కడ ఇంకో మాట మారింది. మార్పు మాట తర్వాత మాటగా పాకుతోంది. ధ్వని మార్పులు ఇలా పదాల గుండా వ్యాపిస్తాయని విలియం వాంగ్ 1969లో ప్రతిపాదించాడు. దానికి ద్రావిడ భాషల నుంచి కృష్ణమూర్తి 1978లో బలమైన ఆధారాలు ఇచ్చారు.

సగంలో ఉన్న మార్పు ఉపశాఖలను తేల్చడానికి పనికొస్తుందా? స్టాన్‌ఫర్డ్ గణాంక శాస్త్రవేత్త లింకన్ మోసెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి ఆయన 1983లో ‘లాంగ్వేజ్’ పత్రికలో రాసిన వ్యాసం ఈ ప్రశ్నకు జవాబు. తెలుగు ఆరు తోబుట్టువులు, గోండి, కోండ, కుయి, కువి, పెంగో, మండలను తీసుకున్నారు. వర్ణవ్యత్యయానికి వీలున్న అరవైకి పైగా మాటల్లో ప్రతిదాన్నీ ప్రతి భాషలోనూ మూడు గుర్తుల్లో ఒకటిగా రాసుకున్నారు: మారింది, మారలేదు, జ్ఞాతిపదం దొరకలేదు.

తర్వాతి తర్కం ఎవరైనా అనుసరించగలిగింది. ముందుకు జరిగిన రకారం మళ్లీ వెనక్కి వెళ్లదు. అందువల్ల ఒక తల్లికి పుట్టిన రెండు భాషల్లో ఒకదానిలో మాట మారకుండా ఉంటే, తల్లి భాషలోనూ అది మారలేదన్నమాటే. రెండో భాషలో వచ్చిన మార్పు విడిపోయాక విడిగా జరిగింది. అంటే మారని మాట తన పైన ఉన్న పూర్వీకులందరి స్థితినీ చెప్పేస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని ఏ చెట్టునైనా పరీక్షించవచ్చు. ఆ చెట్టే నిజమనుకుంటే, కళ్లముందున్న సమాచారం రావడానికి మొత్తం ఎన్ని విడి మార్పులు జరిగి ఉండాలి? తక్కువ మార్పులతో కథ చెప్పగలిగిన చెట్టు మెరుగైనది.

ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీలుస్తూ పోతే గీయగలిగిన చెట్లు 945. మూడు భాషలకైతే 3, నాలుగింటికి 15, అయిదింటికి 105. కృష్ణమూర్తి బృందం 945 చెట్లనూ ఈ కొలతతో తూచింది. అతి తక్కువ మార్పులు కోరిన చెట్టు, సంప్రదాయ పద్ధతిలో పండితులు అంతకుముందే గీసుకున్న చెట్టుతో సరిపోయింది. కుయి, కువి ఒక జంట. పెంగో, మండ ఒక జంట. రెండు వేర్వేరు దారుల్లో బయల్దేరినవాళ్లు ఒకే చోటికి చేరడం శాస్త్రంలో చాలా విలువైన విషయం. ఏళ్ల తరబడి చదివిన పండితుడి తీర్పును, ఆయన కళ్లు అక్కర్లేని లెక్క విడిగా నిలబెట్టింది. జీవశాస్త్రవేత్తలు జాతుల వంశాలకు వాడుతున్న అతి తక్కువ మార్పుల సూత్రానికి ఇది సాటి. ఇండో-యూరోపియన్ చెట్టు మీద ‘నేచర్’ పత్రికలో వచ్చి లోకమంతా మాట్లాడుకున్న వ్యాసానికి ఇరవై ఏళ్ల ముందు, కొండభాషల మాటలతో ఒక తెలుగు పండితుడు ఈ పని చేసి చూపించారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయానికి చోటు ఉండాలి.

స్వదేశ్ గడియారం

ఎవరికి ఎవరు దగ్గరో తెలిశాక, ఎప్పుడు విడిపోయారన్నది మూడో ప్రశ్న. అమెరికన్ భాషాశాస్త్రవేత్త మోరిస్ స్వదేశ్ 1950లలో దీనికో జవాబు ప్రయత్నించాడు. కన్ను, ముక్కు, నీరు, రాయి, తిను, చచ్చు వంటి నిత్యావసరమైన మాటలను ఏ భాషా తొందరగా వదులుకోదు. అలాంటి 100 మాటల పట్టిక వేసి, వెయ్యేళ్లలో వాటిలో సుమారు 86 నిలుస్తాయని లెక్కగట్టాడు. కర్బనం-14 పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చిన రోజులు. పురావస్తు శాస్త్రవేత్తలు బొగ్గు ముక్కకు వయసు చెబుతుంటే, భాషకూ అలాగే చెప్పవచ్చన్న ఆశ కలిగింది.

ఆ ఆశను బెర్గ్స్‌లాండ్, ఫోగ్ట్ అనే ఇద్దరు నార్వే పండితులు 1962లో తుడిచేశారు. ఐస్‌లాండ్ భాష, నార్వే భాష వెయ్యేళ్ల కిందటి ఒకే భాష నుంచి వచ్చినవి. ఐస్‌లాండ్ భాష తన మూలపదాల్లో అతి కొద్ది మాటల్నే పోగొట్టుకుంది, నార్వే రచనాభాష చాలా ఎక్కువ పోగొట్టుకుంది. అంటే అన్ని భాషలూ ఒకే వేగంతో మారవు. స్వదేశ్ లెక్కకు ఆధారమే ఆ ఒకే వేగం. ఆధారం పోయింది, లెక్కా పోయింది. పట్టిక మాత్రం మిగిలింది, ఈనాటికీ పరిశోధకుల చేతుల్లో ఉంది.

లెక్కకు అందని అడవి

945 చెట్లను ఒక్కొక్కటిగా తూచవచ్చు. పది భాషలకు గీయగల చెట్లు 3,44,59,425. ఇరవై భాషలకైతే అది 22 అంకెల సంఖ్య. అన్నింటినీ పరీక్షించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. వైరస్‌ల, జంతువుల జన్యుక్రమాలను పోలుస్తున్న జీవశాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు ఎదురైంది. వాళ్లు 1990లలో అభివృద్ధి చేసిన బేజియన్ పద్ధతులను భాషాశాస్త్రం తెచ్చుకుంది.

పని ఇలా సాగుతుంది. మొదట భాషలన్నింటికీ ఒకే పట్టికలోని మాటలు సేకరిస్తారు. తర్వాత ఏ మాటలు జ్ఞాతులో నిర్ణయిస్తారు. కన్ను అనే అర్థానికి తెలుగు కన్ను, తమిళం కణ్, గోండి కన్, బ్రాహుయి ఖన్ అన్నీ ఒకే గుంపు. కుక్క దగ్గర గుంపులు వేరవుతాయి. తమిళం నాయ్, కన్నడం నాయి, గోండి నయ్ ఒకవైపు, తెలుగు కుక్క మరోవైపు. ప్రతి గుంపుకూ ప్రతి భాషలో ఉంటే 1, లేకపోతే 0 అని రాస్తారు. ఈ నిర్ణయం యంత్రం చేసేది కాదు. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన జ్ఞాతులు కావు, ఎరువు తెచ్చుకున్నవి కావచ్చు. ధ్వని సూత్రాలు తెలిసిన మనిషే తేల్చాలి. ఎల్లిస్ కాలం నుంచి కృష్ణమూర్తి వరకు జరిగిన శ్రమ అంతా ఈ సున్నా ఒకట్ల వెనక నిలబడి ఉంటుంది.

అప్పుడు కంప్యూటర్ ఒక చెట్టుతో మొదలుపెడుతుంది. ఒక కొమ్మను తీసి ఇంకోచోట అతికిస్తుంది, లేదా దాని పొడవు మారుస్తుంది. కొత్త చెట్టు నుంచి ఈ సున్నా ఒకట్లు వచ్చే సంభావ్యత ఎంతో కడుతుంది. మెరుగ్గా ఉంటే అక్కడికి కదులుతుంది. కొంచెం తక్కువగా ఉన్నా ఒక్కోసారి కదులుతుంది, లేకపోతే ఒకేచోట చిక్కుకుపోతుంది. లక్షల సార్లు ఇలా తిరిగాక, దారిలో తగిలిన చెట్ల నుంచి కొన్ని వేలు ఏరి పక్కన పెడతారు. తెలుగు, గోండి ఒకే కొమ్మ మీద ఉన్నాయన్నది వాటిలో నూటికి 95 చెట్లలో కనిపిస్తే ఆ చీలికను గట్టిగా నమ్మవచ్చు. నూటికి 40లోనే కనిపిస్తే తేలలేదని ఒప్పుకోవాలి. ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే: తన అనుమానం ఎంతో తానే కొలిచి చెబుతుంది.

స్వదేశ్ చేసిన పొరపాటుకూ ఇక్కడ విరుగుడు ఉంది. ఒక్కో కొమ్మ ఒక్కో వేగంతో మారవచ్చని ముందే అనుమతిస్తారు. కాలాన్ని నిలబెట్టడానికి తేదీ తెలిసిన ఆధారాలు వాడతారు. కడప జిల్లా కలమళ్లలో ధనంజయుడి శాసనం క్రీ.శ. 575 నాటిది, తెలుగులో ఉంది. అంటే అప్పటికే తెలుగు వేరు భాషగా నడుస్తోంది. తెలుగు అంతకన్నా తర్వాత విడిపోయిందని చెప్పే చెట్టు ఏదైనా తప్పే. ఇలాంటి శాసనాలు, గ్రంథాలు కాలపు లెక్కకు హద్దురాళ్లవుతాయి.

2003లో రసెల్ గ్రే, క్వెంటిన్ అట్కిన్సన్ 87 ఇండో-యూరోపియన్ భాషల నుంచి 2,449 జ్ఞాతి గుంపులు తీసుకుని, ఆ కుటుంబం 7,800 నుంచి 9,800 ఏళ్ల కిందట చీలడం మొదలుపెట్టిందని ‘నేచర్’లో ప్రకటించారు. అనటోలియా, అంటే నేటి టర్కీ, రైతులతో ఆ భాషలు వ్యాపించాయన్న వాదానికి ఇది బలమిచ్చింది. నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లోని పశుపాలకులతో వ్యాపించాయన్న వాదం ప్రకారమైతే వయసు ఆరు వేల ఏళ్ల చుట్టూ ఉండాలి. 2015లో చాంగ్, గారెట్ బృందం లాటిన్ వంటి పాత భాషలను నేటి భాషలకు నేరుగా పూర్వీకులుగా బిగించి లెక్కవేస్తే వయసు సుమారు 6,500 ఏళ్లకు దిగింది. 2023లో హెగార్టీ బృందం 161 భాషలతో చేసిన లెక్క మళ్లీ సుమారు 8,100కు వెళ్లింది. పద్ధతి ఒకటే, ముందు ఊహలు వేరు, జవాబులు వేరు. కాబట్టి తేదీ చదివినప్పుడల్లా దాని వెనక ఏ ఊహ పెట్టారో అడగాలి.

పసిఫిక్ ద్వీపాల్లో ఫలితం ఇంతకన్నా స్పష్టంగా వచ్చింది. 2009లో గ్రే, డ్రమండ్, గ్రీన్‌హిల్ 400 ఆస్ట్రోనేషియన్ భాషలను పరిశీలించి, మూలం తైవాన్ అని, వ్యాప్తి సుమారు 5,200 ఏళ్ల కిందట మొదలైందని చూపించారు. పడవలెక్కి దీవి నుంచి దీవికి వెళ్లినవాళ్లు గట్టిగానే విడిపోతారు. చెట్టు అనే నమూనా అక్కడి చరిత్రకు బాగా సరిపోతుంది.

మన కుటుంబానికి వయసు కట్టిన ఏడాది

ద్రావిడ భాషల వంతు 2018 మార్చిలో వచ్చింది. విష్ణుప్రియ కొలిపాకం, అన్నెమరీ వెర్కెర్క్, మైకేల్ డన్, రసెల్ గ్రే తదితరులు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువరించిన ఈ అధ్యయనంలో 20 ద్రావిడ భాషలున్నాయి. పాత నిఘంటువుల మీద ఆధారపడకుండా, ఆ భాషలు మాట్లాడేవారి దగ్గరికే వెళ్లి 100 మాటల పట్టిక సేకరించారు.

కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని తేలింది. ఆ అంచనాకు అటూ ఇటూ ఉన్న పరిధి మాత్రం చాలా పెద్దది, రమారమి 3,000 నుంచి 6,500 ఏళ్లు. కృష్ణమూర్తి చెప్పిన నాలుగు శాఖలూ ఈ లెక్కలో మళ్లీ కనిపించాయి. ఆ శాఖల లోపల కొన్ని భాషల స్థానాలు పాత వర్గీకరణలకు భిన్నంగా వచ్చాయి. నాలుగు శాఖల్లో ఏది ముందు విడిపోయిందన్నది ఈ సమాచారంతో తేలలేదని పరిశోధకులు దాచకుండా రాశారు.

4,500 ఏళ్ల కిందట అంటే దక్కనులో నూతన శిలాయుగపు పశుపాలకుల బూడిద దిబ్బల కాలం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ తవ్వించినవి ఆ జనం పశువుల దొడ్లే. ఏటేటా పేరుకున్న పేడను కాల్చగా ఆ దిబ్బలు ఏర్పడ్డాయి. ద్రావిడ భాషల విస్తరణకూ ఆ జనానికీ సంబంధం ఉందన్న వాదానికి ఈ తేదీ అనుకూలమే. అయితే రెండు తేదీలు కలిసినంత మాత్రాన ఆ దొడ్ల మధ్య తిరిగినవారు ఏ భాష మాట్లాడారో తెలిసినట్టు కాదు. సింధు ముద్రల భాష ఏదో కూడా ఈ చెట్టు చెప్పదు. చెట్టు పని మిగిలిన భాషల మధ్య సంబంధం చెప్పడం వరకే. దాన్ని దాటి మన అభిమానం కోరినదంతా దాని నోట పలికిస్తే అది చరిత్ర కాదు.

ష్మిత్ చెప్పిన అలల సంగతీ గుర్తుంచుకోవాలి. ద్రావిడ భాషలు పసిఫిక్ దీవులు కావు. వేల ఏళ్లుగా ఒకే సంతల్లో, ఒకే బాటల మీద కలిసి బతికినవి. ఆదిలాబాద్‌లో కొలామి మాట్లాడేవారికి గోండి, తెలుగు, మరాఠీ ఇరుగుపొరుగు. బలూచిస్తాన్‌లోని బ్రాహుయికి ఒకటి నుంచి మూడు వరకే సొంత సంఖ్యలు మిగిలాయి, నాలుగు నుంచి ఇరానీ భాషల నుంచి తెచ్చుకున్నవే. ఎరువు తెచ్చుకున్న మాటను గుర్తించక సొంత మాటగా లెక్కేస్తే ఆ భాష తప్పుడు కొమ్మ మీద కూర్చుంటుంది. అందుకే పట్టికలో ప్రాథమిక పదాలకే చోటిస్తారు. అందుకే ధ్వని సూత్రాలు తెలిసిన పండితుడి అవసరం తగ్గలేదు, పెరిగింది.

చెట్టుకు ఆధారం ఎవరి నోట్లో ఉంది

ఈ రెండు వందల ఏళ్ల కథలో నాకు బలంగా తోచేది ఒకటే. తెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుగును మాత్రమే చూసి ఎవరూ చెప్పలేకపోయారు. నన్నయ భారతం, శాసనాలు, ప్రబంధాలు అన్నీ ఉన్నా, తెలుగు స్థానాన్ని తేల్చింది కావ్యాలు లేని కోండ, కుయి, పెంగో, మండ భాషలు. పెంగోలో ఒక మాట మారకుండా నిలిచింది కాబట్టే దాని తల్లి భాషలోనూ అది మారలేదని తెలిసింది. మండ భాష సంగతి పండితలోకానికి తెలిసింది 1960లలోనే. అది ఆ లోపే అంతరించి ఉంటే 1983 వ్యాసంలో చూడవలసిన చెట్లు 945 కాక 105 ఉండేవి, పెంగో ఒంటరి కొమ్మగా మిగిలేది.

2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. అంతమంది ఉన్నా ఆ భాష అరడజను రాష్ట్రాల మధ్య చీలి ఉంది, ఆదిలాబాద్ గోండికీ భద్రాచలం వైపు కోయకూ మధ్యే ఎంతో తేడా ఉంది. కోండ, పెంగో, మండ మాట్లాడేవారు అంతకన్నా చాలా తక్కువ. వారి పిల్లల చదువు తెలుగులోనో ఒడియాలోనో సాగుతుంది. ఒక భాషలోంచి ప్రాథమిక పదాలు ఒక్కొక్కటిగా జారిపోయి పెద్దభాష మాటలు చేరుతున్నప్పుడు, మన వంశావళిలోని సున్నాలూ ఒకట్లూ చెరిగిపోతున్నట్టే.

కంప్యూటర్ ఎంత వేగంగా తిరిగినా లేని మాటను పుట్టించలేదు. అందుకని తెలుగు మీద ప్రేమ ఉన్నవారు ఆ భాషలకు కూడా బడిలో చోటు అడగాలి. విశ్వవిద్యాలయాలు గూడెం గూడెంలో మాటలు రికార్డు చేసి, అందరికీ అందుబాటులో పెట్టే పనిని ఖర్చుగా లెక్కవేయకూడదు. ఆ మాటలు వారి ఆస్తి, వారి పిల్లలకు హక్కుగా చెందవలసినవి. మన చరిత్రకు రుజువులు కూడా అవే. 945 చెట్లలో ఏది నిజమో తేల్చగలిగింది ఆ భాషలు అప్పటికి బతికి ఉన్నాయి కాబట్టి. తర్వాతి తరం ఇంతకన్నా మంచి ప్రశ్నలు అడుగుతుంది. వాటికి జవాబులు దొరకాలంటే ఆ భాషలు అప్పటికీ మాట్లాడుతూ ఉండాలి.

వచ్చే భాగంలో: బలూచిస్తాన్ కొండల్లో ఒంటరిగా ఉన్న బ్రాహుయి. అది మొదటి నుంచీ అక్కడే మిగిలిపోయిన భాషా, తర్వాతి కాలంలో దక్షిణం నుంచి వెళ్లి చేరిన భాషా? ఇరువైపుల సాక్ష్యాలనూ పరిశీలిద్దాం.